నాన్న పేరుతో బెదిరించొద్దు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. తీరిగ్గా చెప్పాల్సిన సంగతి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారు ఆర్మీ డ్యూటీ మీద లడఖ్ వెళ్ళినప్పటి నుంచి పెద్దాడు మాట వినడం లేదనీ, చిన్నది రాత్రిళ్ళు లేచి ఏడుస్తోందనీ, నీ పెంపకంలోనే ఏదో లోపం ఉందేమోననీ అన్నావు. నీ పెంపకంలో ఏ లోపమూ లేదు తల్లీ. తండ్రి ఇలా కుటుంబాన్ని వదిలి ఫీల్డుకు వెళ్ళిన ఇళ్ళలో పిల్లలు ఇలాగే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి కొడుకులను సైన్యానికి పంపుతున్న ఊరు మన మాధవరం. ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెప్తారు.

పెద్దాడు అల్లరి చేస్తే "నాన్న రానీ, నీ పని చెప్తా" అంటున్నావట. ఆ మాట మానెయ్యి. సెలవు మీద ఏడాదికి కొన్నాళ్ళే ఇంట్లో ఉండే మనిషిని బెత్తంలా చూపిస్తే, ఆ కొన్నాళ్ళూ పిల్లాడు బిక్కుబిక్కుమంటూనే ఉంటాడు. తప్పు చేస్తే మందలింపు అప్పటికప్పుడు, నీ దగ్గరే అయిపోవాలి. నాన్న దగ్గరికి వేరే విషయాలు వెళ్ళాలి. సిగ్నల్ దొరికిన ఆ కాసేపు "తిన్నావా, చదువుకుంటున్నావా" అనే ప్రశ్నలతో గడిచిపోతే పిల్లాడికి ఏం మిగులుతుంది? సైకిలు ఏది కొనాలో, సైన్సు ప్రాజెక్టుకు ఏం చెయ్యాలో నాన్ననే అడగమను. ఆయన చెప్పినట్టే చెయ్యి, నీకు వేరేలా అనిపించినా సరే. ఇంట్లో నాన్న మాట నడుస్తోందని పిల్లలకు కనబడాలి.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరుగుతున్నప్పుడు, సత్యసాయి జిల్లా కుర్రాడు మురళీ నాయక్ వీరమరణం వార్త చూసి పెద్దాడు "నాన్న కూడా చచ్చిపోతాడా" అని అడిగాడు కదా. అప్పుడు అల్లుడుగారు మీతో కలిసి ఉండే పీస్ స్టేషన్లో ఉన్నారు కాబట్టి టీవీ కట్టేస్తే సరిపోయింది. ఇప్పుడు మళ్ళీ అడుగుతాడు. "నాన్నకేం కాదు" అని ఒట్టు పెట్టకు. అది మన చేతిలో ఉన్నది కాదు. తొమ్మిదేళ్ళ వాడికి అర్థమయ్యేలా నిజమే చెప్పు. నాన్న పనిలో ప్రమాదం ఉంది, అందుకే అంత ట్రైనింగ్ ఇచ్చారు, పక్కన తోటివాళ్ళు ఉంటారు, ఫోన్ రాలేదంటే చాలాసార్లు సిగ్నల్ లేకే. ఏదైనా ఉంటే నేనే నీకు చెప్తాను, టీవీ చూసి నువ్వు కంగారు పడక్కర్లేదు అని కూడా చెప్పు. వాడికి కావాల్సిన ధైర్యం ఈ చివరి మాటలోనే ఉంది. ఇంకొకటి, నాన్న ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పమనకు. "ఆర్మీలో ఉన్నారు, మిగతావి చెప్పకూడదు" అంటే చాలు.

సెలవుకు వచ్చినప్పుడు చిన్నది ఆయన దగ్గరికి వెళ్ళకపోవచ్చు. బలవంతంగా చేతికి అందించకు. నీ చిన్నప్పుడు మీ నాన్న వస్తే నువ్వూ నా కొంగు వదిలేదానివి కాదు. ఆయన స్నానం చేయించక్కర్లేదు, అన్నం పెట్టక్కర్లేదు. పక్కన కూర్చుని ఆడుకుంటుంటే అదే వెళ్ళి ఒళ్ళో ఎక్కుతుంది. పెద్దాడి సంగతి వేరు. ఇన్నాళ్ళూ ఇంటికి తనే మగదిక్కు అనుకున్నవాడు, ఆయన రాగానే చిన్నబుచ్చుకుంటాడు. మొదటి వారంలో చదువు గురించి గట్టిగా అడగొద్దని అల్లుడుగారికి నువ్వు ముందే చెప్పు. నేను చెప్పానని చెప్పినా ఫరవాలేదు.

వియ్యంకుడుగారు పెద్దాణ్ణి కోరుకొండ సైనిక్ స్కూలుకు ప్రిపేర్ చేయించమంటున్నారని విన్నాను. 1962 నుంచి ఎంతోమంది ఆఫీసర్లను తయారుచేసిన బడి, కాదనను. కానీ తండ్రి ఫీల్డులో ఉండగా తల్లికి కూడా దూరం చేస్తే వాడు ఎలా తట్టుకుంటాడు? ఆరో తరగతిలో చేరడానికి పన్నెండేళ్ళ వరకూ వయసు ఉంది. వాడు తనంతట తాను అడిగితే అప్పుడు చూద్దాం. ఈలోపు కేంద్రీయ విద్యాలయం, అదే ఆ కేవీలోనే ఉండనీ. బదిలీ అయినా ఇంకో కేవీలో టీసీ మీద తీసుకుంటారు, పుస్తకాలూ మారవు.

కేవీ చదువుల్లో తెలుగు మాత్రం జారిపోతుంది. రోజూ ఒక్క పేరా నీ దగ్గర రాయించు. వారానికొకసారి నాన్నకు తెలుగులో ఉత్తరం రాయించి 56 ఏపీఓకు, అదే ఆర్మీ పోస్టాఫీసు అడ్రసుకు, పోస్టు చెయ్యి. ఫోన్ లేని రోజుల్లో మళ్ళీ మళ్ళీ తీసి చదువుకోవడానికి ఆయన దగ్గర అవే ఉంటాయి.

చిన్నదాని పుట్టుక పార్ట్ టూ ఆర్డర్లో పడి ఆయన సర్వీసు రికార్డుకు ఎక్కిందో లేదో ఈసారి ఫోన్లో తప్పకుండా అడుగు. అది లేకపోతే ఆసుపత్రి కార్డు దగ్గర్నుంచి అన్నీ ఆగిపోతాయని మీ నాన్న చెప్తున్నారు. పెద్దాడి చదువు అలవెన్సుకు బడి నుంచి సర్టిఫికెట్ కూడా తీసిపెట్టు.

ఇక నీ సంగతి. చిన్నది రాత్రి లేస్తోందంటే నీకూ నిద్ర లేనట్టే. పక్క క్వార్టర్ ఆవిడ సాయంత్రం ఓ గంట పిల్లలను చూస్తానంటే మొహమాటపడకుండా ఒప్పుకో, ఆవిడ భర్త ఫీల్డుకు వెళ్ళినప్పుడు నువ్వు చూద్దువుగాని. ఆ గంట పడుకో, బట్టలు తర్వాత ఉతుక్కోవచ్చు. వచ్చే ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వస్తున్నాను, నెలరోజులు ఉంటాను. చిన్నదాన్ని రాత్రిళ్ళు నా పక్కన పడుకోబెట్టుకుంటాను. పెద్దాడికి ఏం చేసి తెమ్మంటాడో అడిగి చెప్పు.

మీ అమ్మ