మూలవాసుల సినిమా ఎప్పటికీ 'తొలి ప్రయత్నమేనా'?

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ సినిమా చరిత్ర చెప్పే పుస్తకాలు, పాఠాలు మూలవాసుల ప్రస్తావన రాగానే 1922 నాటి 'నానూక్ ఆఫ్ ద నార్త్' దగ్గర ఆగిపోతుంటాయి. అది తీసిన రాబర్ట్ ఫ్లాహర్టీ ఇన్యూట్ (ఉత్తర ధ్రువప్రాంతపు మూలవాసి) కాదు, తెరమీద కనిపించేవాళ్ళే ఇన్యూట్లు. లోపల వెలుతురు చాలదని సగం గోడ లేని ఇగ్లూ (మంచు దిమ్మెల ఇల్లు) కట్టించి, ఆ చలిలోనే కుటుంబమంతా నిద్ర లేస్తున్నట్టు నటింపజేశారని, అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్ళ చేత పాతకాలపు బల్లేలతో వాల్రస్ అనే సముద్ర జంతువును వేటాడించారని సినిమా చదువుకున్నవాళ్ళకు తెలిసిన సంగతే. ఆ చిత్రం గొప్పతనంతో నాకు పేచీ లేదు. ఇన్యూట్ల గురించి అదొక్కటి చూపించి చేతులు దులుపుకోవడమే నా అభ్యంతరం.

కెనడా ఉత్తరాన ఉన్న ఇగ్లూలిక్ అనే చిన్న ఇన్యూట్ ఊరు, తమ భాషలో కార్యక్రమాలు లేవన్న కారణంతో 1970లలో రెండుసార్లు ఓటు వేసి మరీ టెలివిజన్‌ను వద్దంది. ఆ ఊరి శిల్పి జకరియాస్ కునుక్ తాను చెక్కిన బొమ్మలు అమ్ముకుని 1981లో వీడియో కెమెరా కొన్నారు. తర్వాత మిత్రులతో కలిసి ఇసుమా అనే సంస్థ పెట్టి, తరతరాలుగా నోటి మాటగా వస్తున్న ఒక కథను ఊరి పెద్దల చేత చెప్పించుకుని 'అటనార్జువాట్' తీశారు. ఒంటిమీద నూలుపోగైనా లేకుండా కథానాయకుడు ప్రాణాలు దక్కించుకోవడానికి సముద్రపు మంచు మీద పరుగు తీసే దృశ్యం చూస్తే, ఆ మంచును కాళ్ళతో ఎరిగినవాళ్ళు తీశారని ఎవరూ చెప్పనక్కర్లేదు. పూర్తిగా ఇన్యూట్ల ఇనుక్టిటుట్ భాషలో సాగిన ఈ చిత్రానికి 2001లో ఫ్రాన్స్‌లోని కాన్ (కేన్స్) చిత్రోత్సవం కెమెరా డోర్ బహుమతి ఇచ్చింది. 2009లో ఆస్ట్రేలియా ఆదివాసీ దర్శకుడు వార్విక్ థార్న్‌టన్‌ను వరించిందీ అదే బహుమతి.

కెమెరా డోర్ తొలి చిత్రాలకిచ్చే గౌరవం. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, మూలవాసుల సినిమా మొత్తాన్నీ ఎప్పటికప్పుడు కొత్తగా వచ్చిన అతిథిలా పలకరించి, మరుసటి ఏడాదికల్లా మరిచిపోయే అలవాటు మనకుంది. కెనడాలో అబెనాకీ అనే మూలవాసి జాతికి చెందిన అలనిస్ ఒబొంసావిన్ 1971 నుంచీ డాక్యుమెంటరీలు తీస్తూనే వచ్చారు. ఉత్తర యూరప్ మూలవాసులైన సామి జాతి దర్శకుడు నీల్స్ గౌప్ చిత్రం 1987లోనే వచ్చి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. అదే ఏడాది న్యూజిలాండ్‌లో మావోరీ దర్శకుడు బ్యారీ బార్‌క్లే, మరుసటి ఏడాది మెరాటా మీటా కథాచిత్రాలు తీశారు. ఇంత వరుస ఉన్నదాన్ని తొలి అడుగు అనడం ఎలా సబబు?

హాలీవుడ్, కళాత్మక చిత్రాలు, మూడో ప్రపంచ దేశాల చిత్రాల తర్వాత వచ్చేదిగా మూలవాసుల సినిమాకు 'నాలుగో సినిమా' అని పేరు పెట్టిందీ బార్‌క్లేనే. ఇంతకాలం కెమెరా బయటినుంచి వచ్చినవాళ్ళ ఓడ మీద ఉంది, దాన్ని ఒడ్డున నిలబడినవాళ్ళ చేతికిస్తే ఏం కనబడుతుందో చూడమన్నారు. ఈ వాదనలో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది: తీసిన తర్వాత ఆ దృశ్యం ఎవరిది? ఆస్ట్రేలియా చిత్రాల మొదట్లో, ఇందులో మరణించినవారి రూపాలు, గొంతులు ఉండవచ్చునని ఆదివాసీ ప్రేక్షకులను హెచ్చరించే వాక్యం కనిపిస్తుంది. బయటి ప్రేక్షకుడికి అదొక లాంఛనం. చనిపోయినవారి పేరు పలకడం, బొమ్మ చూపడం దుఃఖకాలంలో కూడదని నమ్మే కుటుంబానికి మాత్రం అది తమ అనుమతికి సంబంధించిన విషయం.

మూలవాసులు తామే నడుపుకుంటున్న టొరంటోలోని ఇమాజిన్‌నేటివ్ వంటి ఉత్సవాల విలువ వేరు. పెద్ద చిత్రోత్సవాలు మాత్రం ఈ చిత్రాలను ప్రత్యేక విభాగంలో సర్దేసి ఊరుకోకుండా, ప్రధాన పోటీలోకి తీసుకోవాలి. సినిమా పాఠాల్లో 'నానూక్' చూపిన వారమే 'అటనార్జువాట్' కూడా చూపాలి. మీ పత్రిక సమీక్షకులకు కూడా ఒక మనవి: ఇటువంటి చిత్రం గురించి రాసేటప్పుడు అక్కడి ప్రకృతి అందాలను వర్ణించి వదిలేయకుండా, కథ ఎవరిది, ఏ భాషలో తీశారు, హక్కులు ఎవరి చేతుల్లో ఉన్నాయి అన్నవి కూడా పాఠకులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు