రాగిజావ ఏ రోజో తెలుసు, పాఠం ఏదో తెలియదు: విద్యాశాఖ మంత్రి గారికి గుంటూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేష్ గారికి,

నమస్కారం. నేను ముప్పై రెండేళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్జీటీగా) పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నా ఉద్యోగం మనవణ్ణి బడికి తీసుకెళ్లి తీసుకురావడం. వాడు ఇక్కడే గుంటూరులో ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చదువుతున్నాడు. (టీచరై ఉండి మనవణ్ణి మున్సిపల్ బడిలో వేసిందని మా వీధిలో కొన్నాళ్లు నా గురించి బాగానే చెప్పుకున్నారు. ఆ సంగతి వదిలేద్దాం.)

ఒకరోజు పొద్దున గేటు దగ్గర నిలబడ్డ తల్లుల్ని ఊరికే అడిగాను, ఇవాళ పిల్లలకి మధ్యాహ్నం ఏం పెడతారని. నలుగురైదుగురు ఒకేసారి చెప్పారు. ఏ రోజు రాగిజావ, ఏ రోజు చిక్కీ, ఏ రోజు ఏ కూర, అంతా నోటికొచ్చు. సరే, ఈ వారం పిల్లలకి ఏం పాఠం చెబుతున్నారమ్మా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఒకామె నవ్వి, "అవన్నీ మాకేం తెలుస్తాయి అమ్మగారూ" అంది.

మెనూ ఎలా తెలిసింది? గోడ మీద పెయింటుతో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చదవడం రానివాళ్లకి చదివినవాళ్లు చెప్పారు. గుడ్డు పెట్టని రోజున "ఏమైంది, ఇవాళ గుడ్డు ఉండాలి కదా" అని అడిగే ధైర్యం వాళ్లకి ఆ గోడే ఇచ్చింది. పాఠం గురించి అలాంటి గోడ ఏదీ లేదు. అందుకే ఆ మాట అడిగేవాళ్లూ లేరు.

వాళ్లకి పట్టింపు లేదని మాత్రం అనుకోకండి. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది నాన్నలు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కూలీలు. అమ్మలు తొడిమలు తీసే పనికి వెళతారు. తెల్లారకముందే వంట చేసి, పిల్లలకి తలదువ్వి, పక్కింటి వాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోతారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి చేతులు ఘాటుతో మండుతుంటాయి. ఆ చేతులతో పిల్ల మొహం ముట్టుకోవడానికి కూడా భయపడతారు. అలాంటి మనిషి పుస్తకం దగ్గర పెట్టుకుని "ఇవాళ ఏం చెప్పారే?" అని అడుగుతుంది. పిల్ల "ఏం లేదు" అంటుంది. ఆరేళ్ల పిల్ల ఇంకేం చెబుతుంది?

పోయిన మార్చిలో ఏం జరిగిందో చెబుతాను. ఒంటిపూట బడులు సరిగ్గా మిర్చి సీజను ముమ్మరంగా ఉన్నప్పుడే వస్తాయి. రేపటి నుంచి పన్నెండున్నరకే ఇంటికి వెళ్లాలని క్లాసులో పిల్లలకి నోటితో చెప్పారట. మర్నాడు సాయంత్రం నాలుగవుతుండగా నేను మందులషాపుకు వెళ్తుంటే, మూసిన దుకాణం మెట్ల మీద మా పక్క వీధి పిల్ల కూర్చుని ఉంది. ఒకటో తరగతి. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, అమ్మ వస్తుందని అలాగే చూస్తోంది. ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాను. చీకటిపడ్డాక వాళ్లమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి ఏడ్చింది. "చెప్పింది టీచరమ్మా, ఒంటిపూట అని చెప్పింది. కానీ దానికి నిన్న, రేపు ఒకటే. ఎప్పటినుంచో నాకెలా తెలుస్తుంది?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. బడి టైము మారుతుందన్న కబురు ఆరేళ్ల పిల్ల నోటితో పంపడం మనం చేసే పని. తప్పు ఆ తల్లిదీ కాదు, ఆ పిల్లదీ కాదు.

ఇక చదువు సంగతి. నేనే తికమకపడ్డాను, మిగతావాళ్ల మాట ఎందుకు? మావాడికి నలభై రెండులోంచి పదిహేడు తీసేయమని చెప్పి, నా అలవాటు కొద్దీ "రెండులోంచి ఏడు పోదు, పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. "అప్పు తెస్తే మళ్లీ ఇవ్వాలి కదా అమ్మమ్మా? మా మిస్ పది పుల్లల కట్ట విప్పమంది" అన్నాడు. నిజమే, కట్ట విప్పితే పన్నెండు విడి పుల్లలు, మూడు కట్టలు. పిల్లాడికి చక్కగా అర్థమయ్యే పద్ధతి. క్లాసులో పుల్లలతో చెబుతున్నారని నాకు ముందే తెలిసి ఉంటే ఇంట్లో నాలుగు అగ్గిపుల్లలు తీసేదాన్ని. తెలియక వాడికి రెండు దారులు చూపించి మధ్యలో నిలబెట్టాను.

తెలుగులోనూ ఇదే గొడవ. ఇప్పుడు అక్షరాలు అ ఆ ఇ ఈ వరుసలో కాకుండా పదాల్లోంచి నేర్పుతున్నారు. మంచిదే. కానీ ఇంట్లో తాతయ్య "అ నుంచి ఱ దాకా అప్పజెప్పు" అంటాడు, పిల్ల అప్పజెప్పలేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఇంకేముంది, వీధి చివర ట్యూషన్. అక్కడ నెలకి అయిదొందలు తీసుకుని పేజీలకి పేజీలు చూసి రాయిస్తారు. బడిలో ఏం జరుగుతోందో ఇంటికి ఒక్క ముక్క తెలిసి ఉంటే ఆ అయిదొందలు పాలకో పండ్లకో పోయేవి. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా. "నాకు ఇంగ్లిష్ రాదు" అని పుస్తకమే తెరవని తల్లులకి, ఎదురు పేజీ తెలుగులోనే ఉంది, అది నువ్వు చదివి వినిపించవచ్చమ్మా అని ఎవరూ చెప్పలేదు. నేను ఇద్దరికి చెప్పాను. ఒకామె పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నాళ్లూ దీన్ని అట్ట వేయడానికే ముట్టుకున్నా" అంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నా సర్వీసులో ఎంతమంది తల్లులు "మావాడు ఎలా చదువుతున్నాడు టీచరమ్మా?" అని అడిగారో లెక్కలేదు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: "బాగానే చదువుతున్నాడమ్మా." ఆ 'బాగానే' అన్నది చాలా చెడ్డ మాట సార్. దానిలో ఏమీ ఉండదు. ఒక అబ్బాయి విషయంలో మూడేళ్లు వరసగా వాళ్లమ్మకి అదే మాట చెప్పాను. అయిదో తరగతిలో చూస్తే వాడికి ఒత్తులున్న మాట చదవడం రాదు. రెండో తరగతిలోనే "వీడికి ఒత్తుల దగ్గర ఆగిపోతోంది, రోజూ పడుకునే ముందు అయిదు మాటలు చదివించు" అని ఉంటే సరిపోయేది. ఆమె చేసేది కూడా. నేను చెప్పలేదు. తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో నా ట్రైనింగులో ఎవరూ నేర్పలేదన్నది నిజమే గానీ, అది సాకు అని నాకూ తెలుసు.

నిజానికి ఇది దయతో చేసే పని కాదు, చట్టమే చెప్పింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధులు చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలని, బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, ఎంతవరకు నేర్చుకున్నదీ వాళ్లకి తెలపాలని అందులో ఉంది. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్కూలు కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలు ఉన్నాయి, సంతకాలు కూడా ఉన్నాయి. కానీ నేను కూర్చున్న మీటింగుల్లో మరుగుదొడ్డి తలుపు, నీళ్ల ట్యాంకు, ప్రహరీ గోడ తప్ప 'రెండో తరగతి పిల్లలకి ఎంతవరకు చదవడం వచ్చింది' అన్న మాట ఒక్కసారీ రాలేదు.

మీరు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు మొదలుపెట్టారు. 2024 డిసెంబరు 7న బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో ముఖ్యమంత్రి గారూ మీరూ తల్లిదండ్రులతో కూర్చోవడం టీవీలో చూసి నాకు సంతోషమైంది. 2025 జులై 10న శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో మళ్లీ జరిగింది. గేటు లోపలికి రావడానికి జంకే మనుషులు ఆ రోజుల్లో ధైర్యంగా లోపలికి వచ్చారు, టీచరు పక్కన కూర్చుని భోంచేశారు. చిన్న విషయం కాదది. మొదటిసారి మా బడిలో ముగ్గులపోటీ కూడా పెట్టారు, నాకు బహుమతి రాలేదు. కానీ పెళ్లిలో పెళ్లికూతురుతో నిదానంగా మాట్లాడటం ఎవరికైనా కుదురుతుందా? మెగా మీటింగులో బిడ్డ నోటుపుస్తకం తెరిచి మాట్లాడటమూ అంతే. కార్డు చేతికిస్తారు, ఫొటో తీస్తారు, వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. పండగ ఉండనివ్వండి. పండక్కీ పండక్కీ మధ్య వారాల సంగతి నేను అడుగుతున్నాను.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. మా క్లాసుకీ ఉంది. అందులో గుడ్ మార్నింగ్ పూలు, జయంతుల ఫొటోలు, ఎవరో పంపిన ఆయుర్వేద చిట్కాలు ఉంటాయి. ఫోను నాన్న జేబులో యార్డులో ఉంటుంది, అమ్మ దగ్గర బటన్ ఫోను. ఒకసారి ఇంకో బడి గ్రూపులో చదవడం రాని పిల్లల పేర్ల జాబితా పెట్టారని విన్నాను. ఆ పిల్లలు మర్నాడు బడికి ఏ మొహంతో వెళ్లి ఉంటారో.

అందుకని నేను అడిగేది పెద్దది కాదు. మెనూ రాసిన గోడ పక్కనే ప్రతి తరగతికీ ఒక నల్లబోర్డు పెట్టించండి. సోమవారం పొద్దున టీచరు మూడు నాలుగు లైన్లు తెలుగులో రాయాలి. ఈ వారం ఏం నేర్చుకుంటారు, ఇంట్లో పిల్లని ఏం అడగాలి, బడి టైములో గానీ పుస్తకాల్లో గానీ మార్పేమైనా ఉందా. అవే మాటలు టీచరు తన గొంతుతో ఒక్క నిమిషం రికార్డు చేసి గ్రూపులో పెడితే చదవడం రాని తల్లి కూడా వింటుంది, రాత్రి ఆయన ఫోను తెచ్చాక అయినా సరే. ప్రభుత్వ సేవలకి మీరే 'మన మిత్ర' పెట్టి వాట్సాప్‌ని ఇంటింటికీ తెచ్చారు కాబట్టి ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నెలకోసారి తరగతివారీగా మీటింగు పెట్టండి. కానీ అది పొద్దున పదకొండింటికి వద్దు. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. మా దగ్గర అయితే సాయంత్రం ఆరు, లేదా యార్డుకి సెలవున్న రోజు. విజయవాడ సింగ్‌నగర్‌లో వేళ ఇంకోటి కావచ్చు, పల్నాడు పల్లెలో ఇంకోటి. టైము ఆ బడి హెచ్‌ఎం గారికే వదిలేయండి.

ఇందుకు టీచరుకి తీరిక కావాలి, ఈ మాట మీకు గట్టిగా చెప్పాలి. తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు, 16,347 పోస్టులకి డీఎస్సీ ఇచ్చారు. అలా వచ్చిన కొత్త పిల్లలకి, నన్ను క్షమించాలి, కొత్త టీచర్లకి, తల్లితో కూర్చుని నోటుపుస్తకం తెరిచి అయిదు నిమిషాలు మాట్లాడటం ఎలాగో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్సు సమావేశాల్లో నేర్పించండి. 'బాగానే' అన్న మాట వాడకుండా మాట్లాడమనండి, చాలా కష్టం, నేను ప్రయత్నించాను. సోమవారం ఒక ఇరవై నిమిషాలు వేరే పనులేవీ లేకుండా వాళ్లకి వదలండి. ఇంకో చిన్న మనవి: ఆ బోర్డుని ఫొటో తీసి పదిగంటల్లోపు యాప్‌లో అప్‌లోడ్ చేయమని మాత్రం దయచేసి ఆర్డరు వేయకండి. ఆ రోజు నుంచి అది తల్లుల బోర్డు కాదు, ఆఫీసు బోర్డు అయిపోతుంది.

ఇంకో నెలలో మళ్లీ ఒంటిపూట బడులు వస్తున్నాయి. కనీసం ఆ కబురైనా ఈసారి వారం ముందు ప్రతి ఇంటికీ కాగితం మీద వెళ్లేలా చూడండి.

బోర్డు సంగతి నేను గాలిలోంచి తెచ్చింది కాదు. హెచ్‌ఎం గారిని అడిగి నవంబరు నుంచి మా బడి గేటు లోపల ఒక పాత చెక్కకి నల్లరంగు వేసి పెట్టాం. రెండో తరగతి మిస్ మాటలు చెబుతుంది, నేను సుద్దముక్కతో రాస్తాను. మొదటి రెండు వారాలు ఎవరూ చూడలేదు. మూడో సోమవారం ఇలా రాశాం: "ఈ వారం ఒత్తులు. మన వీధిలో బోర్డుల మీద ఒత్తు ఉన్న పేర్లు మూడు వెతకమని పిల్లల్ని అడగండి." రెండ్రోజుల తర్వాత ఒక ముఠా కూలీ నా దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ గేటు బయటే ఆగిపోయే మనిషి. "టీచరమ్మా, 'మిర్చి'లో చ ఒత్తు ఉందంట, 'యార్డు'లో డ ఒత్తు ఉందంట. మా పిల్ల చెప్పింది. పదిహేనేళ్లుగా ఆ గేటు కిందనుంచే పోతన్నా" అన్నాడు. తర్వాత "వచ్చే వారం ఏంది?" అని అడిగాడు.

ఇప్పుడు మూడో తరగతి టీచరు కూడా రాస్తానంటున్నారు. మా చెక్క చిన్నది, ఇద్దరికీ సరిపోదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎస్జీటీ,
రెండో తరగతి పిల్లాడి అమ్మమ్మ,
గుంటూరు