మంత్రి గారూ, ప్రెస్ కార్డుల్లో ఆడవాళ్ల లెక్క బయటపెట్టండి

గౌరవనీయ రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. కోనసీమలో ఒక దినపత్రికకి మండల విలేకరిగా పనిచేస్తున్నాను. ఇక్కడ ప్రెస్ మీట్‌కి వెళ్తే చాలాసార్లు ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఆడవాళ్లు ఈ ఫీల్డ్‌కి రారని అందరూ తేలిగ్గా అనేస్తారు. ఎలా వస్తారండీ? మాకు జీతం లేదు, అచ్చయిన వార్తకి లైన్ అకౌంట్ కింద, అంటే లైన్ల లెక్కన, వచ్చేది పెట్రోలుకే చాలదు. అసలు మండలం మన చేతిలో ఉండాలంటే యాడ్స్ తేవాలి. సంక్రాంతికి, ఆగస్టు 15కి, నాయకుల పుట్టినరోజులకి టార్గెట్ పెడతారు, దానికోసం రైసు మిల్లుల ఓనర్ల దగ్గరికి, రొయ్యల చెరువుల ఆసాముల దగ్గరికి వాళ్లు రమ్మన్న వేళకి, రాత్రయినా సరే, వెళ్లి నిలబడాలి. అలా తిరిగే ఆడపిల్లని ఊళ్లో ఏమంటారో మీకు తెలియనిది కాదు. టార్గెట్ తప్పితే మండలం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

వార్తల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. రొయ్యల షెడ్లలో తలలు వలిచేవాళ్లు, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి ఇరుక్కున్నవాళ్లు, నరసాపురం లేసు అల్లేవాళ్లు, వీళ్ల మీద వార్త వస్తే అందులో మాట్లాడేది ఎస్ఐ గారో ఏజెంటో భర్తో. ప్రపంచమంతా వార్తల్లో కనిపించే, వినిపించేవాళ్లలో ఆడవాళ్లు 1995లో 17 శాతం, 2020లో 25 శాతమని గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ లెక్క. పాతికేళ్లకి ఇంతే! 1902లో ఏలూరులో పుట్టిన ‘హిందూ సుందరి’ అనే మహిళా పత్రికకి ఆడవాళ్లు సంపాదకత్వం చేశారు, కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు ‘సావిత్రి’ పత్రిక నడిపారు. అలాంటి గోదావరి జిల్లాల్లో ఈ పరిస్థితి చూస్తే బాధేస్తుంది.

వేధింపుల సంగతి ఇంకా ఘోరం. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం జీతం ఉన్నా లేకపోయినా పనిచేసే మనిషి ఉద్యోగే, పదిమందో ఆపైనో పనిచేసే చోట ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి. కానీ ఫిర్యాదు చేస్తే, మాలాంటి జీతం లేని విలేకరులు, అంటే కంట్రిబ్యూటర్లు, తమ ఉద్యోగులే కాదని యాజమాన్యాలు అంటాయి.

పత్రికలు ఏం రాయాలో మీరు చెప్పాలని నేను అడగను. కానీ ప్రభుత్వ ప్రకటనల డబ్బు మా అందరిదీ. అది తీసుకునే ప్రతి సంస్థా తన యాజమాన్యంలో, డెస్కుల్లో, మండలాల్లో ఆడవాళ్లు ఎంతమందో, కమిటీ ఉందో లేదో రాసివ్వాలని షరతు పెట్టండి, ఆ వివరాలు మీ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించాలి. ప్రభుత్వం విలేకరులకి ఇచ్చే అక్రిడిటేషన్ కార్డుల (ప్రెస్ కార్డుల) లెక్క మండలాల వారీగా ఆడ, మగ విడివిడిగా ప్రకటించండి. యాడ్స్ టార్గెట్లు పెట్టే సంస్థ మీద ఫిర్యాదు చేస్తే జిల్లా అక్రిడిటేషన్ కమిటీ విచారించాలి, ఆ కమిటీలో మండలాల్లో పనిచేసే ఆడవాళ్లు కూడా ఉండాలి. కొత్త కార్డులకి దరఖాస్తులు పిలిచే ముందే ఈ పని చెయ్యండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక మండల విలేకరి