ఆ బొమ్మకు ఫ్రేము కూడా ముఖమే

సంపాదకులకు నమస్కారం.

చూసేవాళ్ల కళ్లలోకి సూటిగా చూసే చిత్తరువుల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ పదిహేనో శతాబ్దపు యూరప్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ వేసిన ఎర్ర తలగుడ్డ మనిషి బొమ్మను ఫ్రేము కత్తిరించి, ముఖం వరకే వేశారు. రాజమహేంద్రవరంలో ఫొటోలు కట్టే షాపు నాది. అందుకే ఉండబట్టలేక రాస్తున్నాను.

పాత చిత్రాలకు ఫ్రేములు మారిపోతుంటాయి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ బొమ్మకు మాత్రం వాన్ ఐక్ నాటి ఫ్రేమే ఇప్పటికీ ఉంది. రెండు నిలువు పట్టీలూ విడిగా చేసి బిగించినవి కావు, బొమ్మ వేసిన ఓక్ పలకలో భాగమే. చెక్క పని తెలిసినవాడికి ఇది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఫ్రేము మీది అక్షరాలు చెక్కినట్టు కనిపిస్తాయి గానీ, రంగుతో రాసినవి. పైన 'నాకు చేతనైనంత' అని, కింద 'యాన్ వాన్ ఐక్ నన్ను చేశాడు, 1433 అక్టోబరు 21' అని. చెబుతున్నది బొమ్మే. మనల్ని చూస్తున్న మనిషి నోట్లో మాట మీ పేజీలో తెగిపోయింది.

అప్పట్లో ఇటలీలో చిత్తరువులు ఎక్కువగా పక్కమొహంతోనే ఉండేవి. వాన్ ఐక్ ముఖాన్ని కొద్దిగా తిప్పి, కళ్లను మన మీద నిలిపాడు. చాలామంది అనుకుంటున్నట్టు ఇది ఆయన సొంత బొమ్మే అయితే, అద్దంలో తన కళ్లు చూసుకుంటూ వేసి ఉంటాడు. ఆ అద్దం ఉన్నచోట ఇప్పుడు మనం నిలబడుతున్నాం.

బెల్జియంలోని బ్రూజ్ నగరంలో ఉన్న ఆయన భార్య మార్గరెట్ బొమ్మను మీరు ప్రస్తావించనే లేదు. ఆమె కూడా మనకేసే చూస్తుంది. 'నా భర్త 1439 జూన్ 17న నన్ను పూర్తి చేశాడు, నా వయసు ముప్పై మూడేళ్లు' అని ఫ్రేము మీద ఆమే చెబుతుంది. ఆ ఫ్రేము పోయి ఉంటే ఆమె వయసు మనకు తెలిసేది కాదు.

ఇలాంటి చూపు వాన్ ఐక్‌తోనే మొదలైందని మీ వ్యాసంలో అన్న మాట ఒప్పుకోలేను. రోమన్ల కాలపు ఈజిప్టులో, ఫయూం ప్రాంతంలో, మమ్మీల ముఖాల మీద అమర్చిన పలకల్లోని మనుషులు అంతకు వెయ్యేళ్ల ముందే ఇలా చూశారు. పోయినవాళ్ల ఫొటో కట్టించడానికి మా షాపుకు వచ్చేవాళ్లు కూడా 'మావైపు చూస్తున్నదే కట్టండి' అంటారు.

దయచేసి ఆ బొమ్మను ఫ్రేముతో సహా మళ్లీ వేయండి. బొమ్మ సుమారు 26 సెంటీమీటర్ల ఎత్తు, 19 సెంటీమీటర్ల వెడల్పు. ఫ్రేముతో కలిపినా అసలు సైజులోనే మీ పేజీలో పడుతుంది.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం