పక్కవీధి పెద్దాయనకు కృతజ్ఞతలు

న్యూజెర్సీలో మా పక్కవీధి పెద్దాయన గురించి ఈ నాలుగు మాటలు. ఆయనకు తెలుగు రాదు, అయినా మనవాళ్లకి చెప్పాలనిపించింది.

మావాడు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. వాడికున్న కాలక్షేపమల్లా 1950ల నాటి మూడు పట్టాల బొమ్మ రైలు. సరిగ్గా క్రిస్మస్ రోజున అది మొరాయించింది. ఇంజిన్ గుర్రుమంటుంది, కదలదు. షాపులన్నీ మూత.

అడగ్గానే ఆయన మంచులో టూల్‌బాక్స్ పట్టుకుని వచ్చేశారు. మోటారు విప్పితే కమ్యుటేటర్ (మోటారులో తిరిగే చుట్టలకు కరెంటు అందించే రాగి భాగం) నల్లగా మసి పట్టేసి ఉంది. తనే తుడిస్తే చిటికెలో అయ్యే పని. కానీ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్ మావాడి చేతికిచ్చి, రాగి మెరిసేదాకా ఓపిగ్గా పక్కనే కూర్చున్నారు! సందుల్లోని మసి టూత్‌పిక్‌తో వాడి చేతే తీయించారు. ఆ రాగికి ఆనుకుని కరెంటు అందించే, అరిగిన కార్బన్ బ్రష్‌లు తీసేసి, తన సొంత ఇంజిన్ కోసం దాచుకున్న జత వేశారు. "షాఫ్ట్ చివర ఒక్క చుక్క నూనె చాలు, కమ్యుటేటర్‌కి మాత్రం తగలనివ్వకు" అని వాడికే అప్పగింతలు పెట్టారు.

డబ్బు మాటెత్తితే కాఫీ చాలన్నారు. మన ఫిల్టర్ కాఫీ మళ్లీ అడిగి మరీ తాగారు.

ఆయనకోసం కొత్త బ్రష్‌లు తెప్పించాను. కట్టు విప్పాక తనే ఇచ్చొస్తానని మావాడు పట్టుబట్టాడు.