మత్స్యశాఖ మంత్రి గారికి: తుంగభద్ర మడుగుల్ని ఈ ఎండాకాలమైనా కాపాడండి

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కర్నూలు నుంచి రాస్తున్నాను. నలభై ఏళ్లుగా సెలవు రోజుల్లో తుంగభద్ర గట్టున గాలం వేసుకునే మామూలు మనిషిని. మడుగుల్లో మందు కలిపి చేపల్ని చంపుతున్నారని మూడేళ్లలో నాలుగు అర్జీలు పెట్టాను. మొదటి మూడింటికి జవాబు లేదు. నాలుగోదానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని. ఆ మెసేజ్ వచ్చిన పొద్దున నేను మడుగు దగ్గరే ఉన్నాను. ఏం పరిష్కారమైందో దయచేసి వినండి.

ఏప్రిల్ దాటితే సుంకేసుల బ్యారేజీ కింద నది ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇసుక, బండలు, అక్కడక్కడ మడుగులు. నదిలో మిగిలిన చేపంతా ఆ మడుగుల్లోకే చేరి వానల కోసం చూస్తుంటుంది. ఆ రోజు మడుగు ఒడ్డున ఖాళీ బ్లీచింగ్ సంచి పడి ఉంది. నీళ్ల మీద ఎటు చూసినా తెల్లటి పొట్టలే. అమ్ముడుపోయే చేపలన్నీ రాత్రే ఏరుకుని పోయారు. వేలంత పరకలు, జెల్లలు వదిలేశారు. బండ సందులో ఒక బొచ్చె మాత్రం వాళ్ల కంట పడనట్టుంది, మూడు కేజీలైనా ఉంటుంది, ఇంకా మొప్పలు ఆడిస్తోంది. రెండు చేతులతో ఎత్తితే పొట్ట మెత్తగా, నిండుగా తగిలింది. గుడ్లు సార్. కొత్త నీళ్లు రాగానే ప్రవాహానికి ఎదురెక్కి పెట్టాల్సిన గుడ్లు. అలాంటి ఒక్క చేప కడుపులో లక్షల్లో ఉంటాయని మీ శాఖవాళ్లకు నేను చెప్పాలా? పక్క గుంటలో కాసిని మంచి నీళ్లుంటే తీసుకెళ్లి వదిలాను. పది నిమిషాలు కూడా బతకలేదు.

అంతలో గొర్రెల మంద నీళ్లకు వచ్చింది. కాపరి కుర్రాడు వాసన చూసి మందను వెనక్కి తోలాడు. వాడికున్న పట్టింపు జీతం తీసుకునే ఒక్కరిలోనూ నాకు కనపడలేదు.

బ్లీచింగ్ ఒక్కటే కాదు. బ్యాటరీలు తెచ్చి కరెంటు పెడతారు. గనుల్లో రాళ్లు పగలగొట్టే తోటాలు తెచ్చి పేలుస్తారు. దోమతెర లాంటి వలలతో అడుగూ మిగలకుండా ఊడుస్తారు. పేలుడు, విషం వాడొద్దని 1897లోనే చట్టం చేశారు. రెండు నెలల దాకా జైలు, లేదంటే రెండు వందల దాకా జరిమానా అని ఆ రోజు రాశారు. ఇన్నేళ్లలో మా మడుగుల దగ్గర ఆ చట్టం కింద ఒక్కణ్ణి పట్టుకోవడం నేను చూడలేదు.

పోయిన వేసవిలో మా అబ్బాయి నన్ను హిమాచల్ తీసుకెళ్లాడు. కులూ వైపు తీర్థన్ అని మంచు కరిగి పారే చిన్న నది. అక్కడ ట్రౌట్ అనే చేప ఉంటుంది. దాన్ని పట్టే తీరు మనకు కొత్త. వానపాము ఉండదు, బెండు ఉండదు. కొక్కేనికి ఈక, దారం చుట్టి ఈగ ఆకారం చేస్తారు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది కాబట్టి వెనక నుంచి నడుచుకుంటూ వెళ్లి, బరువైన దారాన్ని గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి, ఆ ఈగను దానికి ఎగువనున్న నీళ్లలో దూదిలా వాలుస్తారు. నా పక్కనున్న కుర్రాడు ఒకదాన్ని పట్టాడు. ముట్టుకునే ముందు రెండు చేతులూ నీళ్లలో తడుపుకున్నాడు. పొడి చేతులతో పడితే ఒంటి మీద జిగురు పోయి జబ్బు చేస్తుందట. కొక్కెం తీసి వదిలేశాడు. కాసేపటికి గార్డు వచ్చి మా పర్మిట్ చూసి వెళ్లాడు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, గుడ్లు పెట్టే కాలంలో, ట్రౌట్‌ను అసలు పట్టనివ్వరు.

గట్టున కూర్చుని నాకు ఏడుపొచ్చింది. ట్రౌట్ మన దేశపు చేప కూడా కాదు, ఇంగ్లీషువాళ్లు తెచ్చి వదిలింది. దానికి అంత కాపలా. నా బొచ్చెకు బ్లీచింగ్ సంచి.

ట్రౌట్ తెమ్మని అడగడం లేదు. చల్లటి నీళ్ల చేప అది, మా మే నెల ఎండకు ఒక్క రోజు ఆగదు. మాకు ఉన్నవి చాలు. మా కొర్రమీను సంగతే తీసుకోండి. పిల్లలు కుంకుమ చల్లినట్టు ఎర్రగా గుంపు కట్టి పైన తిరుగుతుంటే, తల్లీతండ్రీ కిందనే ఉండి కాపలా కాస్తాయి. ఆ గుంపు కనపడగానే కింద పెద్దదుందని తెలిసి పొడిచేస్తారు. ఆ తర్వాత ఆ పిల్లల్ని పక్క చేపలు తినేస్తాయి.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపి, అక్కడి మత్స్యకారులకు 20 వేలు ఇస్తున్నారు. మంచిదే, ఇవ్వాలి. నదిని నమ్ముకున్న మా బెస్తవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఎండాకాలం వల ఆపమని ఒక పెద్దాయన్ను అడిగితే, ‘మనం ఇడిసిపెడితే వాళ్లు మందేసి సంపుతారు సార్. అదేందో మనమే పట్టుకుంటే పోలా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

ఏటా చేపపిల్లల్ని వదులుతున్నామంటారు. మే నెలలో తల్లుల్ని చంపనిచ్చి, వానాకాలంలో పిల్లల్ని కొని తెచ్చి పోస్తే ఏం లాభం? వాటికీ మళ్లీ మే నెల వస్తుంది కదా.

నీళ్లు నిలిచే పెద్ద మడుగుల్నైనా గుర్తించండి. వానలు వచ్చేదాకా వలలు ఆపించండి. గాలం కూడా ఆపమంటే ఆపేస్తాను, నేనే ముందు. బెస్తవాళ్లకే కాపలా పని ఇచ్చి, ఆ రెండు నెలలు వాళ్ల పొయ్యి వెలిగేలా చూడండి. మందు కలిపేవాళ్ల మీద కేసు పెట్టించండి. ఒక్క కేసు చాలు, మిగతావాళ్లు భయపడతారు. దయచేసి ఈసారి మెసేజ్ పంపొద్దు, మనిషిని పంపండి.

ఉగాది పోయింది, నీళ్లు తగ్గడం మొదలైంది. వీలైతే మీరే ఒకసారి రండి సార్, నేను తోడొచ్చి చూపిస్తాను. పొద్దున ఆరు లోపల రావాలి. ఎండెక్కితే ఆ వాసనకు అక్కడ నిలబడలేం.

ఇట్లు,
తుంగభద్ర గట్టున గాలం వేసే ఒక కర్నూలు వాసి