సారథ్‌ను ట్యాంకు అనకండి

సంపాదకులకు నమస్కారం.

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఓడీఎఫ్ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం)లో తయారయ్యే సైనిక వాహనం ‘సారథ్’ ఫొటో కింద పత్రికలు తరచూ ‘యుద్ధ ట్యాంకు’ అని రాస్తున్నాయి. ట్రాకుల మీద నడిచి, పైన తుపాకీ గొట్టం ఉన్నంత మాత్రాన ట్యాంకు అయిపోదు. పేరు కోసం పట్టింపు కాదిది. ట్యాంకు అనుకున్నవాళ్లు ‘కవచం ఇంకా మందంగా వేయొచ్చుగా’ అంటారు. అక్కడే చిక్కు.

సారథ్ అంటే సోవియట్ బీఎంపీ-2 బండికి మన దగ్గరి పేరు. కాల్బలాన్ని పోరు జరిగేచోట దించి, కాల్పులతో వాళ్లకు అండగా నిలిచే బండి. సిబ్బంది ముగ్గురు, వెనక కూర్చునే జవాన్లు ఏడుగురు. బరువు 14 టన్నుల పైచిలుకు. టీ-72 ట్యాంకు 40 టన్నులు దాటుతుంది. సారథ్ ముందుభాగం కాస్త గట్టిదే గానీ, పక్కల ఉక్కును 12.7 మి.మీ. మెషిన్‌గన్ తూటా కూడా దగ్గరి నుంచి చీల్చగలదు. జవాన్లు అటూ ఇటూ తిరిగి కూర్చుంటే వాళ్ల వీపుల మధ్యే డీజిల్ ట్యాంకు ఉంటుంది. వెనక తలుపుల్లోనూ డీజిలే. అఫ్గానిస్థాన్ యుద్ధంలో మందుపాతరల భయంతో సోవియట్ సైనికులు లోపల కూర్చోకుండా పైన ఎక్కి ప్రయాణించేవారు.

అదే యుద్ధంలో 1966 నాటి బీఎంపీ-1 లోపమూ బయటపడింది. దాని 73 మి.మీ. తుపాకీ కొండ మీద మాటువేసినవాళ్లను అందుకునేంత పైకి లేవదు. బీఎంపీ-2 మీది 30 మి.మీ. తుపాకీ 74 డిగ్రీల దాకా లేస్తుంది, 500 గుండ్లు మోస్తుంది. లడఖ్ లాంటి చోట దాని విలువ ఇదే. పైనుండే ట్యాంకు విధ్వంసక కాంకర్స్ క్షిపణి తయారయ్యేదీ మన జిల్లాలోనే, భానూరు బీడీఎల్ (భారత్ డైనమిక్స్)లో.

ఇక నీళ్ల సంగతి. సారథ్ తేలుతుంది. ట్రాకులే తెడ్లుగా గంటకు 7 కి.మీ. వేగంతో వాగు దాటుతుంది. దిగేముందు అడుగున ఉన్న నీటి బిరడాలన్నీ బిగించాలి, వెనక తలుపుల రబ్బరు అంచులు చూడాలి, లోపలికొచ్చిన నీటిని తోడేసే పంపు పనిచేస్తోందో లేదో పరీక్షించాలి, ముందున్న అలల పలకను పైకి లేపాలి. పలక లేపడం మరిస్తే ముక్కు మీదుగా నీళ్లు ఎక్కుతాయి. ఎండకు బీటలు వారిన రబ్బరు మరీ ప్రమాదం. నేల మీద ఏ ఇబ్బందీ కనిపించదు, నీళ్లలోకి దిగాకే ఊట మొదలవుతుంది. ఎక్కడ ఎంత బరువు పెట్టారన్నదీ చూసుకోవాలి. ఒకవైపు ఒరిగితే గట్టెక్కేటప్పుడు ఒడ్డున ట్రాకుకు పట్టు దొరకదు.

అఫ్గానిస్థాన్ కోసం సోవియట్లు పక్కలకు అదనపు పలకలు బిగించి బీఎంపీ-2డీ చేశారు. పక్కలు గట్టిపడ్డాయి, కానీ బండికి తేలే శక్తి పోయింది. ఆ బరువు ఇంజిన్ మీదా పడుతుంది. దీని ఇంజిన్‌కు గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో లేదు, తనంతట పీల్చుకున్న గాలితోనే నడుస్తుంది. నాలుగు వేల మీటర్ల పైన గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే, శక్తీ ఆ మేరకు పడిపోతుంది. ఆ ఎత్తులో పలకలు మోయించి వేగం కూడా కావాలంటే కుదరదు. మా దృష్టిలో ముందు మార్చాల్సింది ఇంజిన్, రాత్రి చూపు పరికరాలు. కవచం వాటి తర్వాతే.

2020 జూన్‌లో 156 బీఎంపీ-2ల కోసం రక్షణ శాఖ అప్పటి ఆయుధ కర్మాగారాల బోర్డుకు రూ.1,094 కోట్ల ఆర్డరు ఇచ్చినప్పుడు ప్రకటించిన ఇంజిన్ శక్తి 285 హార్స్‌పవర్. ఇకపై ఆధునికీకరణ వార్త రాసేటప్పుడు మీ విలేకరులు ఫొటో, ఖర్చులతో పాటు బండి బరువు ఎంత పెరిగిందో, ఇంకా తేలుతుందో లేదో కూడా అడిగి రాయాలని మనవి.

ఇట్లు,
సంగారెడ్డి పాఠకులు